తినని నోటికి పళ్లు తోమడం ఎందుకంటారా?

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు తినరు, తాగరు. ఇక నోట్లో పాచి ఎక్కడిది? పళ్లు తోమడమంతా బిల్లు కోసమే. మౌత్‌వాష్ అద్దితే చాలు. బ్రష్ పెడితే ట్యూబ్ ఊడుతుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి" అని. ఐసీయూ నర్సుని, చూసి ఊరుకోలేకపోయాను.

పాచి సంగతి ముందు. రాత్రి పడుకున్నాక మనమూ ఏమీ తినం. అయినా తెల్లారేసరికి పాచి నోరే కదా! వెంటిలేటర్ పేషెంట్ నోరు, అందులోంచి గాలిగొట్టంలోకి వేసిన ట్యూబ్ వల్ల రోజంతా తెరిచే ఉంటుంది. నమలడం లేదు, మింగడం లేదు, మందులకి ఉమ్మి ఊరడం తగ్గిపోతుంది. టార్చ్ వేసి చూస్తే నాలుక మీద ఎండిన పెచ్చు, అంగిలికి తీగల్లా అంటుకున్న జిగురు. పైకి కనబడేది అదే. కనబడనిది ఇంకోటుంది. రెండు మూడు రోజుల్లోనే న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా పళ్ల మీది పాచిలో చేరుతుంది. ట్యూబ్ చివర బెలూన్ లాంటి కఫ్ ఉంటుంది గానీ, అది గాలిగొట్టాన్ని పూర్తిగా మూసేయదు. పైన నిలిచిన ఉమ్మి దాని మడతల్లోంచి బొట్టుబొట్టుగా కిందికి దిగుతుంది. వెంటిలేటర్ పెట్టిన 48 గంటల తర్వాత వచ్చే న్యుమోనియాకి పెద్ద దారి ఇదే.

నీళ్లు దిగుతాయన్న భయం తప్పు కాదు. అందుకే తలవైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తుతాం, కఫ్ ప్రెషర్ చూస్తాం, ముందు నోట్లో నిలిచిన ఉమ్మినంతా సన్న గొట్టంతో లాగేస్తాం (సక్షన్). బ్రష్ చిన్నపిల్లలది, మెత్తనిది. ఒకరు ట్యూబ్ పట్టుకుంటే ఇంకొకరు తోముతారు. పెదవి దగ్గర ట్యూబ్ మీద 22 అని అంకె ఉంటే, తోమాక కూడా అక్కడ 22 ఉండాలి. అంటే ట్యూబ్ కదల్లేదన్నమాట.

మౌత్‌వాష్ దగ్గర మేమూ పొరబడ్డాం. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములను చంపే మౌత్‌వాష్ పూస్తే పని అయిపోయినట్టే అనుకునేవాళ్లం. గుండె ఆపరేషన్ కాని పేషెంట్లలో దానివల్ల లాభం తేలకపోగా, మరణాలు పెరుగుతున్నాయేమో అన్న అనుమానం 2014లో వచ్చిన విశ్లేషణతో మొదలైంది. 2022 నాటి అమెరికా మార్గదర్శకాలు బ్రష్ చేయమన్నాయి, క్లోర్‌హెక్సిడిన్ వద్దన్నాయి. తర్వాత 15 అధ్యయనాలు కలిపి చూస్తే, రోజూ పళ్లు తోమిన చోట ఆసుపత్రిలో వచ్చే న్యుమోనియా దాదాపు మూడో వంతు తక్కువ. రోజుకు రెండుసార్లు చాలు, మూడోసారితో అదనంగా ఒరిగిందేమీ లేదు.

బిల్లు అంటారా, పిల్లల బ్రష్ ఎంతో మీకు తెలియనిదా.

అయితే ఒక అనుమానం మాత్రం కొట్టిపారేయలేను: "తోమామని చెప్తారంతే" అన్నది. ఒక్కో పేషెంట్‌కి ఒక్కో నర్సు ఉండాల్సిన చోట నైట్ డ్యూటీలో ఒక్కరమే ఇద్దరు ముగ్గుర్ని చూస్తాం. బీపీ పడిపోతున్నవాళ్ల దగ్గర నిలబడితే నోటి పని ఆఖరికి జరుగుతుంది. చార్టులో టిక్కు ఉంటుంది, బ్రష్ మాత్రం పొడిగా ఉంటుంది. అందుకే డ్యూటీ మారేటప్పుడు నేను ముందు బ్రష్ ముట్టుకుంటాను, చార్టు తర్వాత. విజిటింగ్ టైమ్‌లో మీరూ "సిస్టర్, నాన్నగారి నోరు ఒకసారి చూపిస్తారా?" అని అడగండి. టార్చ్ మా జేబులోనే ఉంటుంది.