పూరీలో ఇంకొక్క రోజు

ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, ఏ ఊళ్లో ఏ తెలుగు ఇంటి తలుపు తట్టినా పూరీ వెళ్లి రానివాళ్లు దొరకడం కష్టం. మన పెద్దవాళ్లు ఊరి పేరు కూడా అనరు, 'జగన్నాథం వెళ్లొచ్చాం' అంటారు. అబ్బాయికి ఉద్యోగం వస్తే జగన్నాథం, అమ్మాయికి సంబంధం కుదిరితే జగన్నాథం, ఇంట్లో పెద్దాయన పోతే అస్థికలు కలపడానికీ జగన్నాథమే.

వెళ్లే తీరు కూడా అందరిదీ ఒకటే. ఖుర్దా రోడ్ మీదుగా రైలు, స్టేషన్ నుంచి ఆటో, లాడ్జీలో బ్యాగులు పడేసి స్నానం, పండా అనే గుడి పూజారి వెంట దర్శనం, గుడి ఆవరణలోని ఆనంద బజారులో మహాప్రసాదం, సాయంత్రం సముద్రం. మర్నాడు టూరిస్టు బస్సులో కోణార్క్, ధౌళి, ఖండగిరి. తిరుగు రైల్లో చేతినిండా ఖాజా పొట్లాలు. ఎన్నిసార్లు వెళ్లారని అడిగితే పదిసార్లని చెబుతారు. పదిసార్లూ చూసింది ఆ గుడినీ ఆ అలలనే.

దర్శనాన్ని మించింది ఇంకేదో ఉందని ఈ పత్రిక అనడం లేదు. వంశధార ఒడ్డున ముఖలింగం ప్రాంతం నుంచి ఏలిన గంగవంశపు రాజు అనంతవర్మ చోడగంగదేవుడు 12వ శతాబ్దంలో తలపెట్టిన ఆ గుడి మనకు పరాయిది కాదు. అయితే ఆ గుడిని చుట్టుకుని ఒక ఊరు పెరిగింది. మఠాలు, కోనేళ్లు, తోటలు, అఖాడాలనే వ్యాయామశాలలు, సాహీలనే పేటలు అన్నీ కలిసిన ఊరు. ఆ ఊళ్లో మనవాళ్ల అడుగుజాడలు మనం ఊహించని చోట్ల ఉన్నాయి. వాటిని చూడటానికి ఇంకొక్క రోజు చాలు. ఖర్చు కూడా ఒక రాత్రి లాడ్జీ అద్దె, రెండు ఆటో బేరాలు.

మొదట లోకనాథుడి గుడికి వెళ్లండి. పెద్ద గుడికి పడమటి వైపు, ఆటోలో కాసేపటి దారి. ఈస్టిండియా కంపెనీ 1806లో పూరీ యాత్రికుల మీద పన్ను వేసింది. ఉత్తరం నుంచి వచ్చేవాళ్లు అఠరనాలా వంతెన దగ్గర కట్టాలి, దక్షిణం నుంచి వచ్చేవాళ్లు లోకనాథ్ ఘాట్ దగ్గర కట్టాలి. 1840లో ఆ పన్ను రద్దయింది. అంటే గంజాం వైపు నుంచి ఎడ్లబండ్ల మీద, కాలినడకన వెళ్లిన మన తాతముత్తాతలు పూరీలో అడుగుపెట్టిన వాకిలి ఇదే. మూటల్లోంచి రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి, లోపలికి పంపితే చాలని నిలబడ్డ చోటు ఇదే. రైలొచ్చాక ఆ దారి మరుగున పడింది. ఇప్పుడు మనలో చాలామందికి అక్కడొక శివాలయం ఉందని కూడా తెలియదు.

ఆ శివలింగం ఏడాది పొడవునా నీళ్లలోనే మునిగి ఉంటుంది. మహాశివరాత్రికి ముందు వచ్చే పంకోద్ధార ఏకాదశికి నీళ్లు తోడేస్తారు, అప్పుడే లింగం కంటపడుతుంది. మిగతా రోజుల్లో నీళ్లనూ పూలనూ చూసి దండం పెట్టుకోవడమే. ఎవరూ తోయరు, ఎవరూ తొందరపెట్టరు. పెద్ద గుడి క్యూలో నలిగి వచ్చిన ముసలివాళ్లకు ఈ గుడి అరుగు ఎంత హాయిగా ఉంటుందో కూర్చుంటే తెలుస్తుంది.

తర్వాత బడదాండకు రండి. రథాలు నడిచే ఆ పెద్ద వీధి పక్కన జగన్నాథ వల్లభ మఠం, దాని తోట ఉన్నాయి. కార్లలో వెళ్లేవాళ్లు పార్కింగు కోసమైనా ఆ పేరు వినే ఉంటారు. ఒడిశా రాజు గజపతి ప్రతాపరుద్రుడి కాలంలో రాజమహేంద్రవరం సీమను ఏలిన రామానందరాయలతో ముడిపడిన చోటు అది. 16వ శతాబ్దం మొదట్లో దక్షిణ యాత్రకు బయలుదేరిన బెంగాలీ వైష్ణవ గురువు చైతన్యుడు గోదావరి ఒడ్డున ఆయన్ను కలిశాడు. రోజుల తరబడి మాట్లాడుకున్నారు. ఆ మాటల తర్వాత రాయలు అధికారం వదిలేసి పూరీ వచ్చేశాడు, చివరిదాకా చైతన్యుడి పక్కనే ఉండిపోయాడు. చైత్రమాసంలో దవనం దొంగతనం పండుగ నాడు జగన్నాథుడి తరఫున ఉత్సవమూర్తులు దవనం మొక్కలు దొంగిలించడానికి ఈ తోటకే వస్తాయి. గోదావరి గట్టు మీద మొదలైన ఒక స్నేహం పూరీ నడివీధిలో తోటై ఉంటే, తెలుగువాళ్లం పక్కనుంచే నడిచి ఖాజా దుకాణానికి వెళుతున్నాం. పిల్లలకు చరిత్ర పాఠం ఇంతకన్నా బాగా ఎక్కడ చెప్పగలం?

చైతన్యుడు ఏళ్ల తరబడి ఉన్న గది గంభీర కూడా దగ్గర్లోనే ఉంది, బాలిసాహిలో కాశీమిశ్రుడి ఇంట్లో. ఇప్పుడది రాధాకాంత మఠం. గది చాలా చిన్నది. అక్కడికి కొద్ది దూరంలోనే సిద్ధ వకుళం అనే పొగడచెట్టు, దాని కింద చైతన్యుడి అనుచరుడు హరిదాస ఠాకూరు జపం చేసుకున్నాడని చెప్పే చోటు. ఈ సందుల్లో ఆటో ఎక్కకండి. నడవండి. ఒక్కో సాహీకి ఒక్కో అఖాడా, ఒక్కో దేవత, ఒక్కో పట్టుదల. శ్రీరామనవమికి మొదలయ్యే సాహీ జాతర రోజుల్లో వెళ్తే రాముడి కథ ఈ వీధుల్లోనే ఆడతారు. తల మీద పెద్ద కిరీటం కట్టుకుని నాగ వేషాలు కదిలొస్తుంటే, బరంపురంలో ఠాకురాణీ యాత్ర చూసి పెరిగిన మన పిల్లలు వెంటనే ఆ సంగతి అందుకుంటారు.

కోనేళ్ల సంగతి కొంచెమే చెబుతాం, ఎందుకంటే వాటిని చూడాలి. నరేంద్ర పుష్కరిణి మధ్యలో చిన్న గుడి ఉంది. అక్షయ తృతీయ నుంచి 21 రోజులు, చందన యాత్రలో, జగన్నాథుడి ఉత్సవమూర్తి మదనమోహనుడు పడవలో అక్కడికి విహారం వస్తాడు. ఆ వేసవి సాయంత్రం గట్టు మీద కూర్చున్నవాళ్లకు రథయాత్ర జనసముద్రం కన్నా ఇదే నచ్చవచ్చు. మార్కండేయ, ఇంద్రద్యుమ్న, శ్వేతగంగ కోనేళ్లు కూడా ఊళ్లోనే ఉన్నాయి. పెద్ద వీధి ఆ చివర, రథాలు వెళ్లి ఆగే గుండిచా గుడి రథయాత్ర రోజులు తప్ప ఏడాదంతా నిశ్శబ్దంగా ఉంటుంది. ఊరి అంచున అఠరనాలా, పద్దెనిమిది కాలువలున్న ఎర్రరాతి వంతెన, గంగరాజుల నాటిది. భువనేశ్వర్ బస్సు దాని పక్కనుంచే వెళుతుంది. కిటికీలోంచి తల తిప్పి చూసేవాళ్లు తక్కువ.

పూరీకి పదిహేను కిలోమీటర్లలోపే రఘురాజ్‌పూర్ ఉంది, చందన్‌పూర్ దగ్గర భార్గవి నది పక్కన. ఊళ్లో ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు బొమ్మ గీస్తూ కనిపిస్తారు. పాత గుడ్డ మీద చింతగింజల జిగురూ సుద్దపొడీ పట్టించి, రాయితో నున్నగా రుద్ది పటం తయారుచేస్తారు. శంఖం నుంచి తెలుపు, దీపపు మసి నుంచి నలుపు, రంగు అంటుకోవడానికి వెలగ బంక. స్నాన పూర్ణిమ తర్వాత పదిహేను రోజులు గుడిలో మూలమూర్తుల దర్శనం ఉండదు, అప్పుడు పూజ అందుకునేవి ఇలాంటి పటాలే. ఒడిస్సీ గురువు కేలుచరణ్ మహాపాత్ర 1926లో పుట్టింది ఈ ఊళ్లోనే. బజారులో అచ్చు వేసిన బొమ్మ కొనేకన్నా ఇక్కడ గీసిన మనిషి చేతికే డబ్బిచ్చి ఒక చిన్న పటమైనా తెచ్చుకోండి. బరంపురం పట్టుచీర మగ్గం దగ్గర కొన్నదానికీ షాపులో కొన్నదానికీ తేడా తెలిసిన మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ పదిహేను రోజుల్లో తెలియక వెళ్లి దర్శనం లేదని బాధపడి తిరిగొచ్చేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. అలా వెళ్లినవాళ్లు బ్రహ్మగిరి దారి పట్టాలి. అక్కడి అలారనాథుడు నల్లరాతి చతుర్భుజ విష్ణువు. ఆళ్వారుల నాథుడు కాబట్టి ఆ పేరని చెబుతారు. గుడి మూసిన రోజుల్లో చైతన్యుడూ ఇక్కడికే వచ్చేవాడు. ఇక్కడి క్షీరాన్నం ప్రసాదం కోసం ఆ పక్షం రోజులూ జనం బారులు తీరుతారు.

ఇక అసలు చెప్పాల్సిన చోటు. పూరీ సముద్రంలో స్నానానికి దిగితే తెల్లని కోసు టోపీ పెట్టుకుని మన చెయ్యి పట్టుకునే మనిషిని గుర్తు తెచ్చుకోండి. ఒడియావాళ్లు నోలియా అంటారు. అతను మన మనిషి. అతని ఇంటి భాష తెలుగు. చక్రతీర్థం అవతల పెంఠకట అనే పెద్ద జాలరిపేట ఉంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి తరాల కిందట చేపల వేటకు వచ్చి, మొదట్లో సీజనుకు వచ్చి పోతూ, తర్వాత ఇసుకలోనే గుడిసెలు వేసుకుని నిలిచిపోయిన కుటుంబాలవి. ఒడిశాలో తెలుగు అనగానే మనకు బరంపురం, పర్లాకిమిడి, రాయగడ గుర్తొస్తాయి. దేశమంతా వచ్చే తీర్థంలో, అలల అంచున, మన మాట మాట్లాడే ఇంత పెద్ద పేట ఉందని మన సభల్లో ఎవరూ ఎత్తరు. 2019 మే 3న ఫణి తుపాను పూరీ దగ్గరే తీరం దాటినప్పుడు ఆ పేట ఎంత దెబ్బతిందో టీవీలో చూసి ఊరుకున్నాం.

పెంఠకటను చూడదగ్గ చోటని రాయడానికి మేము ఒకటికి రెండుసార్లు ఆలోచించాం. అది మనుషులు బతికే పేట, ప్రదర్శన కాదు. ఇరుకు సందుల్లోకి ఫోను పైకెత్తి పట్టుకుని వెళ్లడం, స్నానం చేస్తున్న పిల్లల్ని వీడియో తియ్యడం, ఎండుచేపల వాసనకు ముక్కు మూసుకోవడం మహా తప్పు. వెళ్తే చుట్టాలింటికి వెళ్లినట్టు వెళ్లాలి. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు వచ్చే వేళ సముద్రం వైపు నుంచి వెళ్లండి. వల విప్పుతున్నవాళ్లకు అడ్డం పడకుండా పక్కన నిలబడండి. 'ఏం బాబాయ్, వేట ఎలా ఉంది?' అని మన భాషలో అడిగితే ఆ ముఖంలో వచ్చే వెలుగు చూడండి. బట్టలు సముద్రంలో తడిపి వచ్చినవాళ్లకు నోలియాగా కనబడిన మనిషి అక్కడ మనవాడవుతాడు.

పక్కనే చక్రతీర్థంలో బేడీ హనుమంతుడున్నాడు. సముద్రం ఊళ్లోకి రాకుండా కాపలా కాయమంటే ఆయన ఒకసారి చెప్పకుండా అయోధ్య వెళ్లిపోయాడట. ఆ సందున నీళ్లు ఊరి మీదికొచ్చాయట. అప్పుడు జగన్నాథుడు కాళ్లకు గొలుసులు వేయించి ఇక్కడే ఉండమన్నాడట. సముద్రానికి ఇంత దగ్గరగా బతికే ఊరికి ఈ కథ ఎందుకు కావాల్సొచ్చిందో ఆ గుడి ముందు నిలబడితే అర్థమవుతుంది.

ఇవన్నీ ఎప్పటికీ ఇలాగే ఉంటాయన్న ధీమా వద్దు. ఆలయం చుట్టూ 75 మీటర్ల మేర ఖాళీ చేయించడం కోసం 2019లో పాత మఠాలను కూల్చారు. రామానుజ సంప్రదాయానికి చెందిన ఎమార్ మఠం, అందులోని రఘునందన్ గ్రంథాలయం కూడా పోయాయి. 2024 జనవరి 17న ఆ స్థలంలో గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే పరిక్రమ మార్గం ప్రారంభమైంది. క్యూలో ఊపిరాడక నలిగే యాత్రికులకు ఆ ఖాళీ అవసరమే, కాదనం. కానీ ఎమార్ మఠాన్ని చూడకుండానే ఎన్నోసార్లు తిరిగొచ్చిన మనం ఇప్పుడు వెళ్లి చూద్దామన్నా చూడలేం. మిగిలిన మఠాలనైనా ఉన్నప్పుడే చూడాలి. చూసేవాళ్లు ఉంటేనే వాటిని కాపాడమని అడిగే గొంతూ ఉంటుంది.

ఒడిశా పర్యాటక శాఖను మేము కోరేది పెద్ద పని కాదు. లోకనాథ్, జగన్నాథ వల్లభం, గంభీర, అఠరనాలా దగ్గర ఒడియా, హిందీ, ఇంగ్లీషులతో పాటు తెలుగులో నాలుగు వాక్యాల బోర్డు పెట్టండి. పూరీ వచ్చే యాత్రికుల్లో తెలుగువాళ్లు ఎంతమంది ఉంటారో ఆ శాఖకు మనం చెప్పాల్సిన పని లేదు. పెంఠకట యువతకు శిక్షణ ఇచ్చి తెలుగు గైడులుగా గుర్తింపు కార్డులు ఇస్తే, చదువుకున్న పిల్లలకు ఊళ్లోనే పని దొరుకుతుంది, యాత్రికులకు భాష టెన్షన్ తప్పుతుంది. వేట లేని రోజుల్లో ఆ ఇళ్లకు ఇంకో ఆదాయం వస్తుంది.

మన తెలుగు సంఘాలకూ ఒక మాట. ఏటా వనభోజనాలకు గోపాలపురం, తప్తపాణి, రంభ చాలు అనుకోకండి. వచ్చే చందన యాత్రకు ఒక బస్సు మాట్లాడండి. బడి పిల్లల్ని, రిటైరైన మాస్టార్లను కలిపి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ సీసాలు కోనేటి గట్టున వదలకుండా వెనక్కి తెచ్చే పూచీ పిల్లలకే అప్పగించండి.

సొంతంగా వెళ్లేవాళ్లు ఈసారి తిరుగు టికెట్టు ఒక రోజు వెనక్కి జరపండి. ఆ తెల్లవారుజామున లాడ్జీ నుంచి ఒడ్డు వెంట తూర్పుకి నడిస్తే పడవల వరుస కనిపిస్తుంది. అక్కడ నిలబడి, ఏ ఊరి నుంచి వచ్చారో వాళ్ల పెద్దలు, తెలుగులోనే అడగండి.