99 వంకాయ బిళ్ళలు

కడపలో ఏడురోడ్ల నుంచి లోపలికి పోయే ఒక సందు. మిద్దె ఇల్లు. రాత్రి తొమ్మిదిన్నర. అన్నం తిన్న బోకులు సింకులో అట్లే ఉన్నాయి. టీవీలో నింటెండో స్విచ్ ఆట సూపర్ మారియో ఒడిస్సీ, అందులో ఇసుక రాజ్యం శాండ్ కింగ్‌డమ్. మొగుడూ పెళ్ళాం చెరొక జాయ్‌కాన్ రిమోట్ అడ్డంగా పట్టుకొని కూర్చున్నారు. ఓబులేసు మారియో. నాగమణి మారియో టోపీ, అంటే క్యాపీ. ఇద్దరు ఆడేటప్పుడు ఈ ఆటలో పాత్రలు ఇట్లాగే పంచుతారు: ఒకరు మనిషి, ఒకరు ఆ మనిషి నెత్తిన టోపీ. ఎవరికేది అనే గొడవ వీళ్ళింట్లో రాలేదు. మిగతా గొడవలన్నీ వచ్చాయి.

ఓబులేసు: ఓడ కదిలేదానికి 16 చందమామలు చాలు. మన దగ్గర 38 ఉండాయి. పా, ఎక్కుదాం.

నాగమణి: బావా, పైన మూలన చూడు. 99.

ఓబులేసు: చూసినా.

నాగమణి: చూసి కూడా ఎట్ల ఎక్కబుద్ధయితాది నీకు?

ఓబులేసు: వంకాయ రంగు బిళ్ళ ఒగటి తక్కువైతే ప్రపంచం మునిగిపోతాదా? పసుపు బిళ్ళలు సంచి నిండా ఉండాయి గదా.

నాగమణి: పసుపువి యాడైనా దొరుకుతాయి, తీసినా మళ్ళా పుడతాయి. ఇవి పుట్టవు. ఈ రాజ్యంవి ఈ రాజ్యంలోనే చెల్లుతాయి. పెట్టినోడు లెక్కబెట్టి 100 పెట్టినాడు. ఆ ఒగటి యాడో కూచోని మనల్ని చూసి నవ్వుతాంటాది.

ఓబులేసు: నవ్వనీలే. ఈ ఆట వచ్చింది 2017 అక్టోబరు 27న. లోకమంతా ఆడి పక్కన పెట్టేసింది. మనం ఇంకా మూడో రాజ్యంలో ఇసక ఊడుస్తాండాము.

నాగమణి: ఊడ్చేది నేను. నువ్వు పడేదే గదా.

(క్యాలెండరు వెనక పెన్సిల్ గీతలున్నాయి. నాగమణి అది తిప్పి చూపిస్తుంది.)

నాగమణి: ఈ పొద్దు 14 సార్లు పడినావు. పడినప్పుడల్లా 10 బిళ్ళలు. 140.

ఓబులేసు: పాత మారియోల్లో అయితే ప్రాణాలు అయిపోయి మొదటికొస్తాంటిమి. దీంట్లో ఆ బాధే ల్యా. 10 కట్టి లేచి పోవడమే.

నాగమణి: కట్టేది ఎవురి సంచిలోనుంచి?

ఓబులేసు: పడింది ఎందుకో అది కూడా రాయి మరి. పరుగెత్తి, ముడుచుకునే బటన్ నొక్కి దూకినా. పొడుగు దూకుడు. గాల్లో టోపీ మీదికి డైవ్ కొడితే ఇంకో ఎగురు వస్తాది, గుంత దాటేస్తాము. అయితే నేల తగిలేలోపల ఆ ఎగురు ఒక్కసారే. ఆ ఒక్కసారి నేను కాలు పెట్టేసరికి టోపీ యాడుండాది?

నాగమణి: పక్కన బిళ్ళ కనిపిచ్చింటే...

ఓబులేసు: అదీ! టోపీ నా ముందర గాల్లో నిలబడాల. నువ్వు పరిగె ఏరేదానికి పోయింటివి.

నాగమణి: ఆ పరిగెతోనే 99 అయినాయి. శెనక్కాయ చేన్లో పంట ఇంటికి పోయినాక మా జేజి గంప నిండా ఏరేది, తెలుసా? చాలు చాలుగా పోవాల. ముందు గట్టు, తరవాత నడిమి. నీ మాదిరి చేనికి అడ్డం పడి పరిగెత్తితే కాలికింద ఉండేది కూడా కనపడదు.

ఓబులేసు: సరే జేజీ, గట్టు మొదులుపెట్టు.

(మారియో అంచుల వెంబడి నడక. కెమెరా కిందికి వంచి లోయ పక్క అరుగులు చూడటం. స్తంభాల వెనక్కి పోవడం. ఈ ఆటలో వస్తువు ఎప్పుడూ మనం చూస్తున్న వైపుకు రెండో పక్కన ఉంటుంది, కెమెరా తిప్పని వాడికి సగం ఆటే కనిపిస్తుంది.)

నాగమణి: ఆ నల్లద్దాల బొమ్మలుండే చోట చూసినామా?

ఓబులేసు: మోఐ బొమ్మలు. మూడుసార్లు చూసినాం.

నాగమణి: టోపీ వేసి దాని ఒంట్లో దూరి, అద్దాలు పెట్టుకోనే చూసినామా?

ఓబులేసు: పెట్టుకుంటేనే గాల్లో కనపడని దావ కనపడేది. పెట్టుకుంటే నడక నత్త నడక. తీస్తే పరుగు, కానీ దావ మాయం. నువ్వేమో సగం దావలో అద్దాలు తీసేస్తివి.

నాగమణి: బిర్రబిర్రా పోదామని తీస్తి.

ఓబులేసు: పడింది నేను. గీత పడింది నా పేరు మీద.

నాగమణి: ఆ బొమ్మను పట్టేదానికి తెలివి ఎవురు చూపిచ్చిరి? మనల్ని చూసి పారిపోతాంటే నువ్వు ఎంబడే పరిగెత్తుతివి. నేను ముందే పోయి దావకు అడ్డం నిలబడితి. టోపీ వచ్చి నెత్తిన పడాల, నెత్తి వచ్చి టోపీలో దూరుతుందా?

ఓబులేసు: సరేలే. ఊరి అవతల ఆ వంకాయ రంగు విషం మడుగు కాడ సింహం బొమ్మ ఉండాది. జాక్సీ. విషంలో కూడా పరిగెత్తుతాది. దాని మీద ఒగ చుట్టు కొడదాం.

నాగమణి: ఎంత?

ఓబులేసు: 30 బిళ్ళలు.

నాగమణి: మడుగులో నడిచి పో.

ఓబులేసు: నడిస్తే చస్తాము.

నాగమణి: అయితే 10తో పోతాది గదా. 20 మిగులు.

(ఓబులేసు జవాబు చెప్పలేదు. లెక్క సరిగ్గానే ఉంది. జాక్సీ ఎక్కితే సరిగ్గా మలుపు తిరగదు, నేరుగా గోడకు గుద్దుతుంది, కాబట్టి ఒకసారి ఎక్కినా రెండోసారి ఎక్కాల్సి వస్తుందని ఆమెకు చెప్పకపోవడమే మేలనుకున్నాడు.)

ఓబులేసు: ఊబి ఇసక, పాడుబడిన గోపురం, తలకిందుల పిరమిడ్ అన్నీ అయిపాయ. గొర్రెల దిబ్బ కూడా చూసినాం.

నాగమణి: గొర్రెల కాడ చందమామ ఎవురు తెచ్చిరి?

ఓబులేసు: మళ్ళా మొదలు.

నాగమణి: మూడే మూడు గొర్రెలు. ముప్పావు గంట. నువ్వు మొగానికి ఎదురుగా నిలబడి టోపీ కొడితివి, అది వచ్చిన దిక్కుకే పాయె. గొర్రెను తోలాలంటే తోకపక్క నిలబడాల బావా. దొడ్డి యాడుండాదో చూసుకోని, గొర్రె ఆ దొడ్డికీ మనకూ నడిమిన ఉండేట్లు తిరిగిపోయి, అప్పుడు తట్టాల. ఒగదాన్ని చేర్చినాక రెండోదాని కోసం పోవాల. నువ్వు మూడింటినీ ఒగేసారి తోలబోతివి. ఒగటి ఇటు, ఒగటి అటు, ఒగటి దిబ్బ దిగి పాయె.

ఓబులేసు: మీ నాయన గొర్రెల కాపరి గాబట్టి నీకు తెలిసె.

నాగమణి: మా నాయన నీకు మేనమామ. ఆ బుద్ధి నీకేమిటికి రాలేదో?

ఓబులేసు: కుక్క చందమామ మటుకు నేనే కదా తెచ్చింది.

నాగమణి: 50 బిళ్ళలు ఆ హింట్ టోడ్ చేతిలో పోసి! నన్ను అడగను కూడా అడగకుండా.

ఓబులేసు: 50 తీసుకోని మ్యాప్‌లో గుర్తు పెడతాడు. యాడుండాదో తెలుస్తాది.

నాగమణి: యాడుండాదో తెలిసె. ఎట్ల తియ్యాలో తెలిసెనా? ఆ గుర్తు మీద నిలబడి పది నిమిషాలు దబాదబా కాళ్ళతో కుమ్ముతివి. ఊర్లో చిలక ఉండాది, టాకటూ. అది ఊరికే చెప్తాది. మూడు పేర్లు చెప్తాది, ఒగటి దొరికితే ఇంగోటి. గుర్తు పెట్టదు, పేరు మాత్రం చెప్తాది. ఏమని చెప్పింది?

ఓబులేసు: ... ఇసకలో దొరికింది, శభాష్ కుక్కా.

నాగమణి: పేరులోనే కుక్క ఉండాది! ఇసకలో టోపీ పెట్టుకోని తిరుగుతాండే కుక్క ఉండనే ఉండాది. దాన్ని ఎంబడేసుకోని పోతే అదే వాసన పట్టి తవ్వుతాది. ఒగ రూపాయి ఖర్చు లేని పనికి 50.

ఓబులేసు: చిలక చెప్పే పేర్లు అన్నీ అంత తేటగా ఉండవులే. కొన్ని పొడుపు కథలు.

నాగమణి: పొడుపు కథలకు పెళ్ళాం ఉండాది. టోడ్ ఏమిటికి?

(కాసేపు మాటలు లేవు. మారియో ఒక బైనాక్యులర్‌లో దూరి ఆకాశానికి లేచి రాజ్యమంతా చూస్తాడు. పైనుంచి పసుపు కనిపిస్తుంది, ఇసుక కనిపిస్తుంది, వంకాయ రంగు కనిపించదు.)

ఓబులేసు: ఒగ ఉపాయం ఉండాది. ఈ ఆటలో విలన్ బౌజర్ ఉండాడే, వాని అమీబో బొమ్మ అంగట్లో అమ్ముతారు, అది మన స్విచ్ మిషన్‌కు తాకిస్తే, ఈ బిళ్ళలు యాడుండాయో అదే చూపిస్తాది.

నాగమణి: బొమ్మ మన దగ్గర ఉండాదా?

ఓబులేసు: కొనాల.

నాగమణి: ఆటలో బిళ్ళ కోసం బయట దుడ్లు పెట్టి బొమ్మ కొంటావు. మీ అమ్మకు చెప్దామా ఈ మాట?

ఓబులేసు: అమ్మను ఏమిటికి లేపుతావులే. ఇంగో మాట చెప్తా, కోప్పడొద్దు. ఊరి పక్కన చందమామ గుర్తు ఉండే బండరాయి ఉండాది జూడు...

నాగమణి: నలుచదరం రాయి. నిన్న దాన్ని 60 సార్లు కొట్టినా. బొటనవేలు వాచింది. పగలదు.

ఓబులేసు: ఇప్పుడు పగలదు. చివర బౌజర్‌ను ఓడించి కథ ముగించినాకే పగులుతాది.  అందులోనుంచి కొత్త చందమామలు రాజ్యమంతా చెదురుతాయి. ఈ ఇసక రాజ్యంలో మొత్తం 89. నువ్వు ఈడ సంక్రాంతి దాకా కూచున్నా ఇప్పుడు 89 కావు.

నాగమణి: ఈ మాట నిన్న చెప్పేదానికి నోరు పడిపాయెనా?

ఓబులేసు: నువ్వు కొడతాంటే చూసేదానికి బాగుండె.

నాగమణి: 60 దెబ్బలు బావా!

ఓబులేసు: అందుకే పోదాం అంటాండా. ఓడ మళ్ళా ఈడికి తీసుకొస్తాది, యాడికీ పోదు ఇసక. ఆట మొత్తంలో చందమామలు లెక్కకు 880. ఇంగా అంగట్లో 100 పసుపు బిళ్ళలకొగటి కొంటా పోతే 999 దాకా. 250 అయితే చంద్రుని వెనకపక్క తెరుచుకుంటాది, 500 అయితే ఇంగా చీకటి పక్క. ఈడే ముసలోళ్ళమైతే అవన్నీ ఎప్పుడు చూస్తాం?

నాగమణి: చందమామలు తరవాత పుడతాయి, సరే. వంకాయ బిళ్ళలు?

ఓబులేసు: (గొంతు తగ్గించి) అవి ఇప్పుడే ఉండాయి.

నాగమణి: 100?

ఓబులేసు: 100.

నాగమణి: నడువు మరి. ఒగ మాట అడుగుతా. ఇవి ఒంటరిగా ఎప్పుడన్నా దొరికెనా నీకు? మూడో నాలుగో వరసగా పెట్టింటాడు. ఒగటి మిగిలిందంటే, ఆ చోటికి మనం పోలేదని కాదు. పోయినాం. తీసినాం. ఒగదాన్ని వదిలేసి వచ్చినాం.

ఓబులేసు: (జాయ్‌కాన్ ఒళ్ళో పెట్టుకొని) అవును కదే.

నాగమణి: ఎవురో ఉరుకులాటలో వదిలినారు. ఎవురికి ఉరుకులాట ఈ ఇంట్లో?

ఓబులేసు: నాకేనంటావా? మొదటి రోజు ఊర్లోకి పోయినాం, ఇండ్ల వెనక సందులో తిరిగినాం. నువ్వు మంచినీళ్ళకు లేచిపోతివి...

నాగమణి: పో. ఆ టోస్టరీనా ఊర్లోకి పో. మిద్దెలన్నీ చూడు, వెనకలు చూడు.

(ఊరు. రంగురంగుల ఇళ్ళు. మారియో ఒక్కొక్క సందులో దూరి కెమెరా గోడకు ఆనేంత దగ్గరగా తిప్పుతున్నాడు. మూడో ఇంటి వెనక, గోడకూ గోడకూ మధ్య, ఒకే ఒకటి. వంకాయ రంగులో మెల్లగా తిరుగుతూ. కడపలో కూర్చొని ఎడారి అంతా వెదికారు, అది అంగడికి అడుగుల దూరంలో ఉంది.)

నాగమణి: ఆగు. నువ్వు ముట్టద్దు. నేను తీస్తా.

(టోపీ ఎగిరి పోతుంది. 100.)

ఓబులేసు: అయింది. ఇప్పుడు అంగట్లోకి పోయి సోంబ్రెరో టోపీ, పోంచో కొందాం.

నాగమణి: కొనేదా? ఏమిటితో?

ఓబులేసు: వంకాయ బిళ్ళలతో. అంగట్లో ఒగ పక్క పసుపు బిళ్ళల సరుకు, ఇంగో పక్క వీటి సరుకు. మరి ఇవి ఉండేది ఏమిటికనుకున్నావు?

నాగమణి: 100 పోగు చేసింది ఖర్చు పెట్టేదానికా?

ఓబులేసు: ఏడ్చేవు. జాబితా పేజీలో సంపాదించిన లెక్క 100 అని అట్లే ఉంటాది. ఖర్చు పెట్టినా తగ్గదు. తగ్గేది చేతిలోది.

నాగమణి: (పేజీ తెరిచి చూసి, మూసి, మళ్ళా తెరిచి) నిజమేనా?

ఓబులేసు: ఊర్లో ఒగ తలుపు ఉండాది గదా, మనల్ని లోపలికి పోనీకుండా అడ్డం నిలబడినాడు ఒగడు. ఈ ఊరి టోపీ, ఈ ఊరి గుడ్డలు రెండూ వేసుకుంటేనే పోనిస్తాడు. ఒగటి ఉంటే చాలదు. లోపల పాటా ఆటా. అందులో కలిసి ఎగిరితే చందమామ.

నాగమణి: కొత్త గుడ్డలు లేకుంటే లోపలికి రానీరా? మీ చిన్నక్క కూతురి పెండ్లి మాదిరే ఉండాదే.

ఓబులేసు: ఆ పెండ్లిలో నిన్నెవురాపినారు?

నాగమణి: ఆపలేదు. చూసినారు.

(కొన్నారు. మారియో పెద్ద టోపీ పెట్టుకొని, పోంచో వేసుకొని లోపలికి పోయి ఆడాడు. చందమామ వచ్చింది. 39. నాగమణికి బట్టలు నచ్చాయి, కానీ చెప్పలేదు.)

ఓబులేసు: ఇప్పుడన్నా ఓడ?

నాగమణి: పా. నిమ్మళంగా నడిచి పా. ఎగరద్దు.

ఓబులేసు: తరవాత దావ రెండుగా చీలుతాది. లేక్ కింగ్‌డమా, వుడెడ్ కింగ్‌డమా, మనమే ఎంచుకోవాల. ముందు లేక్. 8 చందమామలతో అయిపోతాది. నీళ్ళలో చేప ఒంట్లో దూరితే ఊపిరి గొడవ కూడా ల్యా.

నాగమణి: వంకాయ బిళ్ళలు ఎన్ని?

ఓబులేసు: 50.

నాగమణి: రెండోదాంట్లో?

ఓబులేసు: 100. కానీ చందమామలు 16 కావాల.

నాగమణి: ముందు 100ది. పెద్ద చేను పొద్దున్నే మొదులుపెట్టాల.

ఓబులేసు: ఆట నాది, ఓడ నాది. నేను లేక్ అంటాండా. అదుగో ఓడ, ఈ మూలనుంచి దూకితే నేరుగా...

నాగమణి: బావా, ఎగరద్దంటి.

ఓబులేసు: టోపీ ముందర పెట్టు! టోపీ! టోపీ యాడే?

(మారియో కొత్త పోంచోతో సహా కిందికి.)

నాగమణి: ఈ పక్కన మూడు పసుపు బిళ్ళలు కనిపిచ్చె.

ఓబులేసు: మూడు తెచ్చి పది పోగొడితివి!

నాగమణి: (క్యాలెండరు తిప్పుతూ) 15. నూట యాభై.

ఓబులేసు: నీ మూడు కూడా రాయి దాంట్లో.

నాగమణి: అవి వేరే లెక్క.