కనుమ నాడు కదిలిన కాకి

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. విజయవాడ భవానీపురంలో అత్తగారింటికి పండక్కొచ్చిన ఓ అల్లుడు మాత్రం కదిలాడు. ఆ అల్లుడెవరన్నది ఇక్కడ అనవసరం.

ఇంట్లో పద్నాలుగు మంది, బాత్రూము ఒకటి. భోగి నుంచీ భార్యతో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే మధ్యలో ఇద్దరు పిన్నత్తలు. "భవానీ ద్వీపం వెళ్లిరండి బావా, గంటలో చుట్టూ నడిచేసి రావచ్చు" అన్నాడు బావమరిది, సోఫా మీంచి లేవకుండానే. దీవి సుమారు 130 ఎకరాలు. గుండ్రంగా గీసినా చుట్టుకొలత రెండున్నర కిలోమీటర్లు దాటుతుంది. నది మధ్య మేటవేసిన దీవి గుండ్రంగా ఎందుకుంటుంది, పారే దిక్కుకి సాగి ఉంటుంది. అంటే నడక ఇంకా ఎక్కువ. పైగా అంచుల్లో ఇసుక, అందులో అడుగు దిగబడి వెనక్కి జారుతుంది. ఇంజినీరింగ్ చదివిన బావమరిదికి ఈ లెక్క తట్టదు.

"కనుమ నాడు మినుము కొరక్కుండా గడప దాటతారా" అని అత్తగారు ఆరు గారెలు తినిపించి, ఇంకో ఆరు స్టీలు డబ్బాలో పెట్టిచ్చారు. పున్నమి ఘాటు, లైను, టికెట్లు, పడవ. అసలు కథ లైఫ్ జాకెట్టుతో మొదలైంది.

జాకెట్టు ఎందుకూ అని అడిగేవాళ్లుంటారు. జనవరిలో అక్కడ కృష్ణ చెరువులా ఉంటుంది, ఎందుకంటే దిగువన 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజి 70 గేట్లతో నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నిదానం చూసి మోసపోకూడదు. 2024 సెప్టెంబరులో ఇదే నది 11 లక్షల క్యూసెక్కులు దాటి, దీవిని ముంచేసి పోయింది. కాబట్టి జాకెట్టు వేసుకోవాల్సిందే. వేసుకున్నాడు. పైనుంచి కిందికి మూడు ప్లాస్టిక్ బకిల్సు. పై రెండూ పడ్డాయి. మూడోది సరిగ్గా ఆరు గారెలూ కొలువున్న చోట. ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, టప్‌మనిపించాడు.

ఊపిరి వదిలాక పొట్ట తన చోటికి తాను వచ్చేసింది. దీవిలో దిగి విప్పబోతే బకిల్ ఇక రాలేదు.

ఈ బకిల్ సంగతి కాస్త చెప్పుకోవాలి. మగ భాగానికి రెండు పక్కలా రెండు కొమ్ములు, వాటి చివర కొక్కేలు. ఆడ భాగంలోకి దూరి, రెండు కిటికీల్లోంచి బయటికి తెరుచుకుని అంచుని పట్టుకుంటాయి. విప్పాలంటే రెండు కొమ్ముల్నీ ఒకేసారి నొక్కాలి. పట్టీ బిగువుగా లాగుతున్నంతసేపూ కొక్కెం అంచుకి ఒరుసుకుని ఉంటుంది, నొక్కినా ఓ పట్టాన లోపలికి పోదు. ముందు పట్టీ వదులు చేసుకోవాలి. వదులు చేసే కొస పొట్ట మడతలో ఎక్కడో ఉంది. అడుగున ఇసుక రేణువు ఒకటి ఇరుక్కుంటే ఇక చెప్పనే అక్కర్లేదు. అది కూడా ఇరుక్కుంది.

"వచ్చేటప్పుడు ఇచ్చేయండి సార్" అని పడవ కుర్రాడు అవతలి ఒడ్డున జనం కోసం వెళ్లిపోయాడు.

అలా అల్లుడుగారు చీర కట్టిన భార్య పక్కన, నారింజ రంగు కవచంతో ద్వీప విహారం మొదలెట్టారు. యాభై అడుగులు వేశారో లేదో, "అన్నా, లాస్ట్ బోటెన్నింటికి?" అని ఒకరు. "ఏమయ్యా, పిల్లలకి హాఫ్ టికెట్టు లేదా?" అని ఇంకొకరు. తాను సిబ్బంది కాదని మొదటి నలుగురికీ చెప్పాడు. అయిదో ఆయన టాయిలెట్లు ఎటని అడిగితే చేత్తో చూపించాడు. ఆరో కుటుంబాన్ని వరసలో నిలబెట్టి ఫొటో తీశాడు. భార్య నాలుగడుగులు వెనక నడవడం మొదలెట్టింది, పరిచయం లేనట్టు.

చెట్టు కింద కూర్చున్నాక ఆవిడకే ఆలోచన తట్టింది. "ఏవండీ, గారెకి నూనె ఉంటుందిగా?" ఒక గారె తీసి బకిల్ మీద రుద్దింది. నూనె కొమ్ముల్లోకి దిగింది నిజమే. వేళ్లకీ అంటుకుంది. ఇప్పుడు నొక్కడానికి పట్టే దొరకడం లేదు, చేపని పట్టుకున్నట్టు జారిపోతోంది. రెండో గారెకి బకిల్ చుట్టూ మినప్పిండి అంటింది. అప్పుడు పై కొమ్మ మీంచి కాకి దిగింది.

కనుమ నాడు కదలనిది వేరే కాకి అయ్యుంటుంది. ఇది అల్లుడుగారు లేస్తే లేచింది, నడిస్తే నడిచింది, మూడుసార్లు బొడ్డు దాకా వచ్చి పొడవబోయింది. ఆయన డబ్బా మూతని డాలులా పట్టుకుని పడవ రేవు వైపు పరిగెత్తాడు. చూసినవాళ్లు ఆఖరి పడవ వెళ్లిపోతోందనుకుని, సిబ్బందే పరిగెడుతుంటే మనమెంతని, వెనకాలే పరిగెత్తారు.

పడవ కుర్రాడు ఓసారి చూసి, "ఊపిరి వదలండి సార్, పూర్తిగా" అని జాకెట్టుని రెండు చేతులా పొట్టకేసి అదిమి, వేలితో టక్కున విప్పాడు. రెండు సెకన్లు. చెయ్యి వాసన చూసుకుని, "గారెలా సార్?" అన్నాడు.

బావమరిది అప్పటికే గ్రూపులో ఫొటో పెట్టేశాడు. ఎవరు పంపారో ఆవిడ చెప్పడం లేదు.