సెటప్ నంబర్లు అడగకండి, ఇవ్వకండి

మంగళవారం, శుక్రవారం సాయంత్రం ఆరు దాటితే చాలు, నా ఫోన్‌కి ఒకటే రకం మెసేజ్‌లు. "అన్నా, సెటప్ పెట్టు." "వింగ్ ఎంత పెట్టాలె?" "జల్ది చెప్పన్నా, క్వాలిఫైయింగ్ క్లోజ్ అయితది."

నాలుగేళ్లుగా ఆన్‌లైన్‌లో ఒక కారు రేసింగ్ ఆట ఆడుతున్నాను. మొదటి రెండేళ్లు అడిగిన ప్రతి ఒక్కరికీ సెటప్ నంబర్లు, అంటే కారుని ట్రాక్‌కి తగ్గట్టు సర్దే అంకెలు, ఇచ్చాను. ఇప్పుడు మానేశాను. పొగరెక్కిందని కొందరు అనుకుంటున్నారని తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను. పోస్ట్ కాస్త పెద్దదే. ఆట కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఈ ఆట పేరు గ్రాండ్ ప్రీ రేసింగ్ ఆన్‌లైన్, అందరూ జీప్రో అంటారు. 2000 నుంచి నడుస్తోంది. ఉచితం, బ్రౌజర్ ఉంటే చాలు. ఇందులో స్టీరింగ్ మీ చేతిలో ఉండదు. మీరు టీమ్ మేనేజర్. డ్రైవర్‌ని తీసుకోవడం, కారు భాగాలు కొనడం, స్పాన్సర్లతో బేరం, ఇంధనం, టైర్లు, సెటప్ అన్నీ మీ పని. వారానికి రెండు రేసులు, సీజన్‌కి పదిహేడు. రేసు మన టైమ్‌లో అర్ధరాత్రి ప్రాంతంలో జరుగుతుంది. కింది మెట్టు రూకీతో మొదలై అమెచ్యూర్, ప్రో, మాస్టర్ దాటి ఎలీట్ దాకా ఎక్కాలి. ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు పట్టడమే నాకు ఈ ఆటలో నచ్చింది.

ఇక సెటప్ సంగతి. ముందు రెక్క (వింగ్), వెనక రెక్క, ఇంజిన్, బ్రేకులు, గేర్లు, సస్పెన్షన్. ఈ ఆరింటికీ సున్నా నుంచి 999 లోపు ఒక్కో నంబర్ పెట్టాలి. ఆ నంబర్ ట్రాక్‌ని బట్టి ఒక్కటే ఉంటుందని కొత్తవాళ్ల నమ్మకం. ఉండదు. మీ కారు భాగాల స్థాయి వేరు, అరుగుదల వేరు, మీ డ్రైవర్ వేరు. రేసులో ఎవరు ఎక్కడి నుంచి బయలుదేరాలో తేల్చే క్వాలిఫైయింగ్‌లు రెండుంటాయి. మొదటి క్వాలిఫైయింగ్‌కి ఒక ఉష్ణోగ్రత, రెండోదానికి ఇంకొకటి, రేసుకి మరొకటి. నా కారుకి సరిపోయిన 640 మీ కారుకి సరిపోవాలని ఎక్కడా లేదు. పక్కింటాయన కళ్లజోడు పెట్టుకుని పేపర్ చదవాలని చూసినట్టే. అక్షరాలు కనిపిస్తాయేమో గానీ కళ్లు మంట పుడతాయి.

అసలు నంబర్ ఎలా దొరుకుతుందో చెప్తాను, ఇదే ఈ పోస్ట్‌లో అన్నిటికన్నా పనికొచ్చే ముక్క. రేసుకి ముందు మీకు ఎనిమిది ప్రాక్టీస్ ల్యాపులు (ట్రాక్ చుట్టూ రౌండ్లు) ఇస్తారు. ఒక్కో ల్యాప్ అయ్యాక డ్రైవర్ మాట్లాడతాడు. బ్రేకుల గురించి, గేర్ల గురించి, ఇంజిన్ గురించి విడివిడిగా చెప్తాడు. చాలామంది ఆ మాటలు చదవకుండా ల్యాప్ టైమ్ ఒక్కటే చూస్తారు. అక్కడే మొదటి తప్పు. ల్యాప్ టైమ్‌లో డ్రైవర్ చేసిన పొరపాటు కూడా కలిసి ఉంటుంది. పొరపాటుతో ఎంత పోయిందో ఆట పక్కనే వేరుగా చూపిస్తుంది. అది తీసేసి చూడకపోతే మంచి సెటప్‌ని చెత్త అనుకుని వదిలేస్తారు.

రెండో తప్పు, ల్యాప్‌కి ఒక్క నంబరే మార్చడం. ఈసారి బ్రేకులు, వచ్చే ల్యాప్‌లో గేర్లు అనుకుంటే ఎనిమిది ల్యాపులు ఏ మూలకీ చాలవు. డ్రైవర్ ఒక్కో భాగం గురించి విడిగా చెప్తున్నప్పుడు అన్నీ ఒకేసారి మార్చవచ్చు కదా! 500తో మొదలుపెట్టండి. ఎక్కువైంది అన్నట్టు మాట్లాడితే 250 తగ్గించండి, తక్కువైందంటే 250 పెంచండి, ఆ తర్వాత ప్రతిసారీ అంతకుముందు మార్చినదాంట్లో సగం మార్చండి. అతను మాట్లాడే తీరు కూడా చూడండి. బాగా విసుక్కుంటే చాలా దూరంలో ఉన్నారు. కొంచెం మార్చు అంటే దగ్గరపడ్డారు. ఆ భాగం గురించి ఏమీ అనకపోతే అతనికి నచ్చే పరిధిలోకి వచ్చేశారు. ఆ పరిధి అందరికీ ఒకే వెడల్పు ఉండదు. అనుభవం, టెక్నికల్ అవగాహన తక్కువున్న డ్రైవర్ తేడాని సరిగ్గా పట్టలేడు, పరిధి వెడల్పుగా ఉంటుంది, అందులో మధ్య ఎక్కడో మీరే వెతుక్కోవాలి. అందుకే చౌక డ్రైవర్‌తో ఆడేటప్పుడు ప్రాక్టీస్‌ని ఇంకా జాగ్రత్తగా వాడాలి.

నేను రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేలోపు ఎనిమిది ల్యాపులూ పూర్తవుతాయి. ఇంతకన్నా టైమ్ అక్కర్లేదు. కాబట్టి "టైమ్ లేదన్నా, నువ్వే చెప్పు" అంటే నేను ఒప్పుకోను.

ఎందుకింత పట్టుదల అంటారా? మా పిన్ని కొడుకు వల్ల.

2023 ఫిబ్రవరి 11న నెక్లెస్ రోడ్డులో ఫార్ములా ఈ (కరెంటు కార్ల) రేసు జరిగినప్పుడు వాడిని తీసుకెళ్లాను. హుస్సేన్‌సాగర్ పక్కన, మనం రోజూ బైకుల మీద తిరిగే రోడ్డు మీద ఆ కార్లు పరుగెడుతుంటే వాడి మొహం చూడాలి! ఆ రోజు పోల్ నుంచి, అంటే అందరికన్నా ముందు నుంచి, బయలుదేరింది జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఇవాన్స్. హెయిర్‌పిన్ మలుపు దగ్గర అతన్ని గుద్దింది వేరే టీమ్ కాదు, సొంత టీమ్‌మేట్ సామ్ బర్డ్. రెండు కార్లూ పోయాయి. గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ చివరి ల్యాపుల్లో బ్యాటరీని పొదుపుగా వాడుకుంటూ, వెనక నిక్ కాసిడీకి దారివ్వకుండా, అర సెకను కూడా లేని తేడాతో గీత దాటాడు. వేగం ఉన్నవాళ్లు ఇంటికెళ్లారు, లెక్క ఉన్నవాడు గెలిచాడు. తిరిగొస్తూ దారి పొడుగునా మేమిద్దరం దీని గురించే మాట్లాడుకున్నాం. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు రద్దయింది. వాడు చాలా బాధపడ్డాడు. అప్పుడే నేను ఈ ఆట చూపించాను.

మొదటి రోజు నుంచీ వాడికి నంబర్లు నేనే ఇచ్చాను. తమ్ముడు కదా, గెలిస్తే సంతోషిస్తాడనుకున్నాను. రూకీలో అందరి కార్లూ ఇంచుమించు ఒకటే, డ్రైవర్లూ అంతంతమాత్రమే కాబట్టి నా నంబర్లు కొంచెం అటూ ఇటూగా పనిచేశాయి. వాడు గెలిచాడు. మళ్లీ గెలిచాడు. పైన అమెచ్యూర్‌కి వెళ్లాడు. ఇంట్లో స్వీట్లు పంచినంత పని చేశాడు.

అక్కడికెళ్లాక ఖరీదైన డ్రైవర్‌ని తీసుకున్నాడు. కారు భాగాలన్నీ ఒక్కసారిగా రెండేసి స్థాయిలు పెంచాడు. కారులో పదకొండు భాగాలుంటాయి. కొన్నప్పటి ధర ఒక్కటే కాదు, ప్రతి రేసుకీ అవి అరుగుతాయి, అరిగాక అదే స్థాయిలో మళ్లీ కొనాలి. ఆ రెండో ఖర్చు వాడి లెక్కలో లేదు. డ్రైవర్ జీతం ప్రతి రేసుకీ పోతోంది. పైగా క్లియర్ ట్రాక్ రిస్క్ (ముందు ఎవరూ అడ్డు లేనప్పుడు డ్రైవర్ ఎంత తెగించాలో చెప్పే నంబర్) నిండా పెట్టేవాడు. రిస్క్ పెంచితే వేగం కొంచెం వస్తుంది నిజమే, దాంతోపాటు అరుగుదల పెరుగుతుంది, డ్రైవర్ తప్పులూ పెరుగుతాయి. సీజన్ సగానికి ఖాతా ఖాళీ. అరిగిపోయిన గేర్‌బాక్స్‌తో రేసుకి వెళ్లి మధ్యలో ఆగిపోయాడు. డ్రైవర్‌ని తిట్టాడు. నాకు ఫోన్ చేసి, "నీ నంబర్లు పనిచేస్తలేవన్నా" అన్నాడు.

తప్పు నాదే. వాడికి ఒక్కటంటే ఒక్కటి కూడా నేర్పకుండా పైమెట్టు ఎక్కించాను. అక్కడ నిలబడడానికి కావాల్సినదేదీ వాడి దగ్గర లేదు. సీజన్ చివర మళ్లీ కిందికి వచ్చాడు, ఈసారి అప్పుల్లాంటి పరిస్థితితో. రెండు నెలలు ఆట ముట్టుకోలేదు.

కొత్తవాళ్లకి నేను చెప్పేది ఇదే. మొదటి సీజన్‌లో గెలవడానికి చూడకండి. పదిహేడు రేసులూ పూర్తి చేయండి, చివర్లో ఖాతాలో మొదలుపెట్టినప్పటికన్నా ఎక్కువ డబ్బు ఉండేలా చూసుకోండి. పైకి వెళ్లే అవకాశం దానంతటది వచ్చినా, డబ్బు లేకుండా వస్తే ఆ అవకాశం మీ మెడకే చుట్టుకుంటుంది. డబ్బు కంట్రోల్ అనేది ఆటలోనే కాదు, అసలు ఫార్ములా వన్‌లోనూ అంతే. 2021లో టీమ్‌ల ఖర్చుకి 14.5 కోట్ల డాలర్ల పరిమితి పెట్టారు. ఆ గీత దాటినందుకు రెడ్‌బుల్ 70 లక్షల డాలర్ల జరిమానా కట్టింది, పైగా గాలి సొరంగంలో (కారు మీద గాలి ప్రభావం చూసే చోట) పరీక్షలకి ఇచ్చే సమయంలో పది శాతం కోత పడింది. ప్రపంచ చాంపియన్ ఉన్న టీమ్‌కే ఖాతా పుస్తకం అంత ముఖ్యమైతే మనకెంత ఉండాలి?

టీవీలో ఫార్ములా వన్ చూసి వచ్చినవాళ్లు ఇంకో చోట దెబ్బతింటారు. అక్కడ రేసు మధ్యలో ఇంధనం నింపడం 2010 నుంచి లేదు. ఈ ఆటలో ఉంది. టీవీ అలవాటుతో కొత్తవాళ్లు ఇంధనాన్ని అసలు పట్టించుకోకుండా ట్యాంకు నింపేసి పంపుతారు. బరువు కారుని నెమ్మది చేస్తుంది. అసలు ఫార్ములా వన్ కార్లలోనే పది కిలోల బరువుకి ల్యాప్‌కి సుమారు 0.3 సెకను పోతుందని లెక్క. తక్కువ పోసి ఎక్కువసార్లు ఆగాలా, ఎక్కువ పోసి తక్కువసార్లు ఆగాలా అనేది ట్రాక్‌ని బట్టి, టైర్ అరుగుదలని బట్టి మీరు లెక్కేయాలి. ఇది ఎవరో చెప్తే వచ్చేది కాదు. ఒక రేసులో ల్యాప్‌కి ఎంత ఇంధనం తాగిందో, ఏ టైర్ ఎన్ని కిలోమీటర్లు మోసిందో రాసుకుంటే వచ్చే రేసుకి మీకే తెలుస్తుంది.

వాన గురించి కూడా చెప్పాలి. ఆట రేసులోని ఒక్కో భాగానికి వాన పడే అవకాశం శాతాల్లో చూపిస్తుంది. కూకట్‌పల్లిలో కుండపోత, మెహదీపట్నంలో ఎండ చూసిన మనకి ఆ శాతాల అర్థం వేరే చెప్పక్కర్లేదు. 2021 రష్యా ఫార్ములా వన్ రేసు గుర్తుందా? లాండో నోరిస్ ముందున్నాడు, చివరి ల్యాపుల్లో వాన మొదలైంది, టైర్లు మార్చనన్నాడు. హామిల్టన్ మార్చుకుని కెరీర్‌లో తన వందో విజయం అందుకున్నాడు, నోరిస్ ఏడో స్థానానికి పడ్డాడు. అతనికి కనీసం ఆ నిమిషంలో ఆలోచించే వీలుంది. మనకి అది కూడా లేదు. రేసు నడిచేటప్పుడు మనం ఆఫీసులోనో నిద్రలోనో ఉంటాం. వాన పడితే ఎన్ని ల్యాపుల తర్వాత టైర్లు మార్చాలో ముందే పెట్టి పడుకోవాలి.

ఇప్పుడు సీనియర్లకి ఒక మాట. మీరు మంచి మనసుతోనే నంబర్లు ఇస్తున్నారు, నాకు తెలుసు, నేనూ అలాగే ఇచ్చాను. కానీ దానివల్ల మూడో సీజన్‌కల్లా ఆ పిల్లలు ఆట వదిలేస్తున్నారు. మన తెలుగువాళ్లు ఈ ఆటలో ఉన్నదే కొద్దిమంది. ఊళ్లో జరిగిన ఫార్ములా ఈ రేసూ పోయింది. మోటార్‌స్పోర్ట్ అంటే ప్రాణమిచ్చే ఒక కుర్రాడు హైదరాబాద్‌లో టీమ్ నడపడం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఇలాంటి ఆటలే దారి. వాడి ల్యాపులు వాడిని తిప్పనివ్వండి. పక్కన కూర్చుని, డ్రైవర్ ఏమన్నాడో చదివించండి. చాలు.

మా తమ్ముడు మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి పిన్ని వల్ల. మల్కాజిగిరిలో పిన్ని ఇరవై మందితో చీటీ నడుపుతుంది, ఏళ్ల తరబడి. ఎవరు ఎప్పుడు కట్టారు, ఎవరు ఎత్తుకున్నారు, అన్నీ ఒక పొడుగాటి నోట్‌బుక్‌లో ఉంటాయి. ఒక్క నెల లెక్క తప్పలేదు. వాడు ఒకరోజు ఆట గురించి ఏదో వాపోతుంటే పిన్ని అలాంటిదే కొత్త నోట్‌బుక్ తీసి చేతిలో పెట్టి, "ఏ రోజు ఖర్చు ఆ రోజు రాయి, తర్వాత ఏడుద్దువుగానీ" అందట.

ఇప్పుడా పుస్తకంలో ఒక్కో రేసుకి ఒక పేజీ ఉంది. ఉష్ణోగ్రత, ఆరు నంబర్లు, డ్రైవర్ మాటలు, ఇంధనం, భాగాల అరుగుదల, చివర మిగిలిన డబ్బు. పోయిన రేసులో పదకొండో స్థానం వచ్చింది. రాత్రి పన్నెండున్నరకి ఫోన్ చేశాడు. నేను సెటప్ అడుగుతాడేమో అనుకున్నాను. "అన్నా, సస్పెన్షన్ గురించి డ్రైవర్ ఏం అనలేదు, అయినా రెండో క్వాలిఫైయింగ్‌లో వేడి పెరిగిందని కొంచెం తగ్గించిన. సరిపోయింది" అన్నాడు. నేను చెప్పింది కాదు అది. వాడే తన పాత పేజీలు చూసి పట్టుకున్నాడు.

కాబట్టి దయచేసి నన్ను నంబర్లు అడగకండి. మీ డ్రైవర్ ఏమన్నాడో మాటకి మాట పంపండి, ఎన్ని డిగ్రీలుందో, ఖాతాలో ఎంతుందో పంపండి. ఎంత రాత్రయినా చదివి, ఏం ఆలోచించాలో చెప్తాను. వచ్చే రేసు శుక్రవారం. ప్రాక్టీస్ ఇప్పటికే తెరిచి ఉంది.