మాల తీసిన మర్నాడు

కార్తీకం వచ్చిందంటే మన ఊళ్లలో ఒక వింత చూస్తాం. పదేళ్లుగా పొద్దుగూకితే బెల్టుషాపు దగ్గర తేలే మనిషి నల్లబట్టలు కట్టి, తెల్లవారుజామునే చన్నీళ్లు పోసుకుని, చాప మీద పడుకుని 41 రోజులు చుక్క ముట్టడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీస్తాడు. చాలా ఇళ్లలో ఆ వారం తిరక్కుండానే మళ్లీ సీసా వస్తుంది. అప్పుడు అందరూ అనేది ఒకటే మాట: ‘మనసుంటే మానలేడా? అన్నాళ్లు ఉన్నవాడు ఇప్పుడెందుకు ఉండలేడు?’

ఈ మాటలో సగమే నిజం ఉందని మేం నమ్ముతున్నాం. మనసు గట్టిది కాబట్టే ఆ 41 రోజులు గడిచాయి. కానీ అన్నాళ్లూ ఆయన ఒంటరిగా లేడు కదా. పీఠం దగ్గర పదిమంది స్వాములు, సరిగ్గా తాగే వేళకి భజన, రోజూ తాగించే దోస్తు కూడా ‘స్వామీ శరణం’ అని దణ్ణం పెట్టి పక్కకి తప్పుకోవడం, నిన్నటిదాకా ఛీ కొట్టిన వీధిలోనే మర్యాద. మాలతో పాటు ఇవన్నీ ఒక్కరోజులో తీసేసి, ఇక నీ తిప్పలు నువ్వు పడు అంటే ఎంతమంది నిలబడతారు?

ఇంకోటి, ఇది ప్రాణాలకి సంబంధించింది. పొద్దున్నే గుటక పడితేగానీ చేతి వణుకు ఆగనివాళ్లు పట్టుదలకి పోయి ఒక్కసారిగా మానేయకూడదు. రెండు మూడు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, గోడ మీద లేని పురుగులు కనిపిస్తాయి, దుప్పటి అదేపనిగా దులుపుతుంటారు, గదిలో లేనివాళ్లతో మాట్లాడతారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి కూర్చుంటే మనిషి దక్కకపోవచ్చు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్ ప్రాంతంలో జనం ఇలాగే ఆస్పత్రులకి చేరారు, కల్లులో కలిపిన మత్తుమందులకి వాళ్ల ఒళ్లు అంతగా అలవాటుపడిపోయింది మరి.

కేంద్రం 2019లో విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతావాళ్లకి మనం ఇస్తున్నదల్లా తిట్లు, శాపనార్థాలు, పిల్లల తల మీద చెయ్యి పెట్టించి వేయించుకునే ఒట్లు. ఆ ఒట్టు తప్పిన రోజు ఆ మనిషి సిగ్గుతో ఇంకో రెండు పెగ్గులు ఎక్కువే తాగుతాడు.

అందుకే గురుస్వాములకి మా విన్నపం ఒకటుంది. బాగా తాగే అలవాటున్నవాళ్లు వస్తే మాల వేసే ముందే డాక్టర్ దగ్గరికి పంపండి, తీశాక కూడా ఆ పదిమందీ వారానికోసారైనా, ఆ సాయంత్రం వేళకే, కలిసేలా చూడండి. ప్రభుత్వాలు కూడా మద్యం ఆదాయం లెక్కపెట్టుకునేటప్పుడు ప్రతి ఏరియా ఆస్పత్రిలో తాగుడు మాన్పించే నాలుగు డీ-అడిక్షన్ పడకలకైనా డబ్బు తీయాలి. ఎవరిని అడగాలో తెలియని ఇళ్లవాళ్లు కేంద్రం నడిపే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, కాల్‌కి డబ్బులు పడవు.