అమ్మ కాఫీ వద్దన్న రోజు

బండి ఎక్కబోయే ముందు మా అమ్మ కాఫీ వద్దంది.

తెల్లవారి స్టీలు గ్లాసులో కాఫీ పడనిదే నోరు విప్పని మనిషి ఆమె. వదిన రెండోసారి అడిగితే, "వద్దులేమ్మా, దారిలో యాడ ఆపుతారో ఏమో" అని కొంగు సర్దుకుని ముందు సీట్లో కూర్చుంది. అప్పుడు నేను పట్టించుకోలేదు. టిఫిన్ క్యారియర్లు లెక్కపెట్టుకునే హడావుడిలో ఉన్నాను.

మేముండేది ఫ్లోరిడాలో, టాంపాకు దగ్గర. మా పిల్లలకు సముద్రమంటే డనీడిన్ పక్కనున్న హనీమూన్ ఐలాండ్ స్టేట్ పార్క్. అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఆ పేరు విని, "నేనెందుకు పాపా, మీరిద్దరూ పోయి రాండి" అంది. నిజానికి ఆ దీవి పాత పేరు హాగ్ ఐలాండ్, అంటే పందుల దీవి. 1921లో వచ్చిన పెద్ద తుఫాను దాన్ని రెండు ముక్కలు చేసింది. దక్షిణం వైపు ముక్క కలడేసి ఐలాండ్ అయింది. 1939 ప్రాంతంలో ఒక వ్యాపారి ఉత్తరం వైపు ముక్కలో కొత్త దంపతుల కోసం పూరిళ్లు వేయించి పేరు మార్చేశాడు. ఈ కథంతా చెప్పాక అమ్మ నవ్వుకుంటూ కారెక్కింది.

అక్కడికి పోవడానికి ప్లానంటూ పెద్దగా ఏమీ ఉండదు. పొద్దున 8 గంటలకు గేటు తీస్తారు, పొద్దుగూకేదాకా ఉండొచ్చు. కారుకు 8 డాలర్లు, అందులో ఎనిమిది మంది దాకా కూర్చోవచ్చు. సెలవు రోజున ఆలస్యంగా పోతే లోపల నిండిపోయిందని గేటు దగ్గరే ఆపేస్తారు, అంతే ఇబ్బంది. ఒడ్డున రాళ్లుంటాయి కాబట్టి నీళ్లలో వేసుకునే చెప్పులు కావాలి. మిగతావి అక్కడే ఉంటాయి: బాత్రూములు, ఇసుక కడుక్కోవడానికి షవర్లు, నీడకు షెడ్లు. ఏటా పది లక్షల మందికి పైగా వచ్చే చోటు. ఇన్నేళ్లలో నేనక్కడ బాత్రూమ్ గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం రాకపోవడమే ఆ పార్క్ గొప్పతనమని ఈ జనవరిలో తిరుపతిలో తెలిసింది.

వైకుంఠ ఏకాదశి రద్దీ తగ్గాక ఊళ్లో కాస్త ఊపిరాడింది. ఒక రాత్రి మా అమ్మాయి ఫోన్లో మ్యాప్ పెట్టుకుని అరిచింది. "మామా, ఇక్కడే ఒక ఐలాండ్ ఉంది! ఒక పక్కంతా బీచే! మనం ఎందుకు పోం?" చూస్తే శ్రీహరికోట. మా అన్న నవ్వి, "ఆడికి మనం పోయేదానికి లేదు పాపా, ఆడ్నించి రాకెట్లు పోతాయి" అన్నాడు.

దాని అదృష్టం అలా ఉంది మరి. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య అడ్డంగా పడుకున్న పొడుగాటి దీవి శ్రీహరికోట. సముద్రం వైపు దాదాపు 50 కిలోమీటర్ల తీరం. 1971 నుంచి అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి. జనం గుంపులుగా తిరిగే చోటు కాదది, కాకూడదు కూడా. 2019లో సందర్శకుల గ్యాలరీ కట్టారు కాబట్టి, ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకుంటే ప్రయోగం చూడొచ్చు. సముద్రంలో కాళ్లు మాత్రం తడుపుకోలేం. జనం అడుగు పెట్టకపోవడం వల్లే అక్కడి అడవి మిగిలిందని నా నమ్మకం. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

నేను బడికి పోయే రోజుల్లో మా జిల్లాకు సముద్రమే లేదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది మొదలు మాది కొండలూ చెరువులూ మామిడి తోటల జిల్లా. సముద్రం చూడాలంటే మద్రాసు బస్సెక్కాలి. మెరీనా ఇసుకలో అంత దూరం నడిచి, అలలు పాదాలను తాకగానే "చాలు, చాలు, వెనక్కి రా" అనిపించుకుని తిరిగి రావాలి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట వైపు తీరమంతా మాలో కలిసింది. జిల్లాకు సముద్రం వచ్చింది కానీ ఊరివాళ్ల మాటల్లోకి ఇంకా రాలేదు. ఇప్పటికీ తిరుపతిలో ఎవరినైనా బీచ్‌కు దారి అడగండి, చెన్నైకే చెబుతారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్ద చర్చ. దీవే కావాలంటే తడ దగ్గర భీములవారిపాలెం నుంచి పడవలో ఇరకం పోవచ్చు. అయితే అది సరస్సులోని దీవి, అలలుండవు. పైగా అమ్మ పడవ ఎక్కనంది. అలలే కావాలంటే ఉత్తరంగా వాకాడు వైపు పోవాలి, తూపిలిపాళెం లాంటి పల్లెలు. వంద కిలోమీటర్లకు పైనే. చివరికి రెండూ కలిపాం: పొద్దున శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట, సరస్సు మధ్య రోడ్డు మీద పక్షులు, ఆ తర్వాత వెనక్కి తిరిగి బీచ్, అక్కడ సాయంత్రం దాకా. వదిన నాలుగింటికే లేచి చిత్రాన్నం, పెరుగన్నం కట్టింది. అమ్మ కాఫీ వద్దంది.

సూళ్లూరుపేటలో చెంగాళమ్మ దర్శనం చేసుకున్నాం. కాళంగి ఒడ్డున రాత్రింబవళ్లు తెరిచే ఉండే గుడి. రాకెట్ ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు తిరుమలకు వచ్చినట్టే ఇక్కడికీ వస్తారు. ఆ తర్వాత సరస్సు మీదుగా పోయే రోడ్డు. రెండు పక్కలా లోతులేని నీళ్లు, ఆ నీళ్లలో గులాబీ గీతలాగా ఫ్లెమింగోలు. మా అమ్మాయి ఫ్లోరిడాలో పుట్టి, ఫ్లెమింగో బొమ్మల తువ్వాళ్లు వాడుతూ పెరిగి, స్వేచ్ఛగా తిరిగే గుంపును మొదటిసారి చూసింది వాళ్ల అవ్వగారి జిల్లాలో! సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ కూడా చేస్తారు. దగ్గర్లోనే నేలపట్టు, గూడబాతులు గూళ్లు కట్టుకునే చెరువు. ఒక రోజంతా అక్కడే గడపొచ్చు. మేం గంటలో ముగించాం, పిల్లలకు అలలు కావాలి మరి.

బీచ్ చేరేసరికి పదకొండున్నర. ఆ పల్లె పేరు రాయను, ఎందుకంటే తప్పు ఆ పల్లెవాళ్లది కాదు. సరుగుడు తోపు దాటగానే ఇసుక, ఇసుక మీద పడవలు, ఆరబెట్టిన వలలు, మనిషి అలికిడికి బొరియల్లోకి దూరే ఎర్ర ఎండ్రకాయలు. హనీమూన్ ఐలాండ్ కన్నా అందంగా ఉందని మా ఆయన అన్నాడు, నేనూ ఒప్పుకున్నాను. వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన పిల్లల్ని చూసి లేచి వచ్చాడు. "అమ్మా, ఆ పక్కకు దించబాకండి, గుంట ఉండాది, లోపలికి లాగుద్ది. ఈడ అయితే మోకాటి దాకా పర్లేదు" అన్నాడు. ఫ్లోరిడా బీచ్‌లలో ఈ మాట జెండాలు చెబుతాయి: పసుపుకు జాగ్రత్త, ఎరుపుకు ప్రమాదం, జెల్లీచేపల్లాంటివి వస్తే ఊదా. ఇక్కడ జెండా, బోర్డు, తాడు, ఏమీ లేవు. ఆ పెద్దాయనే అన్నీ. ఆయన ఆ రోజు వేటకు పోయి ఉంటే?

తోపు పక్కన బాత్రూములున్నాయి. రెండు గదులు, టైల్స్ అతికించిన కొత్త గోడలు, శిలాఫలకం, రెండు తలుపులకూ తాళాలు. తాళం చెవి ఉన్నతను ఊళ్లో లేడన్నారు. నీళ్ల ట్యాంకు ఉంది, అందులో నీళ్లు లేవు.

అమ్మ తోపులో చాప మీద కూర్చుంది. చిత్రాన్నం రెండు ముద్దలు తింది, నీళ్లు తాగలేదు. వదిన, నేను, అన్న కూతురు, ముగ్గురం ఎవరికి వాళ్లం అదే లెక్కలో ఉన్నామని ఒకరి మొహం ఒకరు చూసుకుంటే తెలిసింది. మగవాళ్లకు ఆ టెన్షన్ లేదు, వాళ్లకు తోపంతా ఉంది. ఒంటిగంటన్నరకు అమ్మ మెల్లగా, "ఇంక పోదామా?" అంది. అన్నకు అర్థం కాలేదు. "ఇంతదూరం వచ్చి రెండు గంటలకే పోవడమేందిమా?" అన్నాడు. వదిన ఆయన్ను పక్కకు పిలిచి చెప్పింది. తడి బట్టలతో, కాళ్ల నిండా ఇసుకతో, ఏడుస్తున్న పిల్లల్ని బండెక్కించి, నలభై నిమిషాల తర్వాత ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగాం.

బీచ్ ఎంత బాగున్నా, అక్కడ ఒక డెబ్బై ఏళ్ల ఆడమనిషి ఎంతసేపు కూర్చోగలిగితే ఆ కుటుంబం అంతసేపే ఉంటుంది. తీరం పొడవు కిలోమీటర్లలో ఎంతయినా చెప్పుకోండి, మాకు మాత్రం అది రెండు గంటల తీరం.

అమెరికాలో ఉంటూ ఊరికి సాయం చేసే మన సంఘం సభ్యులతో నాకు పేచీ ఉన్నది ఇక్కడే. ఊరికి ఏదైనా చేయాలనుకోగానే మనకు తోచేవి స్వాగత తోరణం, గుడికి వెండి తలుపులు, బడికి ఒక గది, దాని మీద పేరు. వాటిని తప్పుపట్టను. అయితే కట్టడానికి డబ్బిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, తెరిచి ఉంచడానికి ఇచ్చేవాళ్లే లేరు. మేం చూసిన ఆ రెండు గదులూ ఎవరో మంచి మనసుతోనే కట్టించి ఉంటారు. ఫలకం మీద పేరు మెరుస్తూనే ఉంది. రోజూ కడిగే మనిషికి జీతం ఎక్కణ్నుంచి వస్తుందని అడిగిన మనిషి లేడు, అంతే.

అందుకే నేనంటాను, ఉచితం వద్దు. బండికి 100 రూపాయలు పెట్టండి. శని, ఆదివారాల్లో రోజుకు 50 బండ్లు వస్తాయనుకుందాం, రోజుకు 5,000. నెలకు ఎనిమిది రోజులు లెక్కేసినా 40,000. ఆ పల్లె ఆడవాళ్లు ఇద్దరు బాత్రూములు, నీళ్లు చూసుకుంటారు, ఈత వచ్చిన కుర్రాళ్లు ఇద్దరు ఈలలు మెడలో వేసుకుని నిలబడతారు. రాబడి చాలని నెలల్లో ఆ తేడా మనం కట్టాలి. పల్లెవాళ్లకు, నడిచి వచ్చేవాళ్లకు టికెట్ ఉండకూడదు. అది వాళ్ల రేవు, మనం అతిథులం. పడవలకూ వలలకూ వదిలిన చోట మనం దుప్పటి పరచకూడదు. పెద్ద కట్టడాలూ అక్కర్లేదు. 2019 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ కూడా తాత్కాలిక మరుగుదొడ్లకు, బట్టలు మార్చుకునే గదులకు, తాగునీటికి వీలు కల్పించింది. రిసార్టు కడితే అనుమతుల గొడవ, రెండు గదులకు అంత లేదు.

టికెట్ అనగానే గొంతులు లేస్తాయని తెలుసు. 2023లో విశాఖ రుషికొండ బీచ్‌కు 20 రూపాయల టికెట్ పెట్టబోతే గొడవై వెనక్కి తీసుకున్నారు. శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకు అంతర్జాతీయంగా ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో తెచ్చుకున్న బీచ్ అది. 2025లో శుభ్రత సరిగా లేదని ఆ గుర్తింపు కొన్నాళ్లు పోయి మళ్లీ వచ్చింది. జెండా తెచ్చుకోవడం ఒక రోజు పని, నిలబెట్టుకోవడం రోజూ పని. రోజూ పనికి రోజూ డబ్బు కావాలి.

"మనోళ్లు శుభ్రంగా ఉంచుతారా, అమెరికా పోలికలు ఇక్కడ నడవవు" అని మా అన్నే అన్నాడు, తిరుపతిలో మేడ మీద కూర్చుని, ఎదురుగా కొండ కనబడుతుండగా. సరే, అమెరికాను పక్కన పెడదాం. అలిపిరి టోల్‌గేటు దగ్గర డబ్బు కట్టేది ఎవరు? బండి తనిఖీకి ఆగి, ప్లాస్టిక్ సీసా కిందే వదిలేసి కొండెక్కేది ఎవరు? మెట్ల దారిలో వేలమంది నడుస్తుంటే మరుగుదొడ్లు, నీళ్ల కుళాయిలు పనిచేయడం లేదా? ఆ జనమే కదా ఈ జనం. కొండ మీద చేతనైనది సముద్రం దగ్గర చేతకాదంటే నేను నమ్మను. అక్కడ చూసుకునే మనిషి ఉన్నాడు, ఇక్కడ లేడు.

ఈలోగా ఊరికెళ్లి ఈ దారి పట్టేవాళ్లకు నా అనుభవం నుంచి నాలుగు మాటలు. సూళ్లూరుపేట వైపు పోయే ముందు రాకెట్ ప్రయోగం ఏ రోజో చూసుకోండి, ఆ రోజు రోడ్డు మీద కదల్లేరు. పక్షులు కావాలంటే చలికాలమే, అదీ పొద్దున్నే. బీచ్‌లో పిల్లల్ని నీళ్లలోకి దించే ముందు పల్లెలో ఎవరినైనా అడగండి, వాళ్లు చెప్పిన చోటే దించండి. నాయుడుపేటలోనో గూడూరులోనో మంచి హోటల్ చూసి ఆడవాళ్లను అడిగి మరీ బండి ఆపండి. వాళ్లంతట వాళ్లు నోరు తెరిచి అడగరు. మా అమ్మ అడగలేదు.

ఉగాది తర్వాత జరిగే మన సంఘం సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. తీరంలో ఏదో ఒక్క పల్లె, రెండు గదులు, మూడేళ్ల నిర్వహణ ఖర్చు. ఫలకం వద్దు. పోయిన ఆదివారం ఫోన్లో అమ్మకు ఇదంతా ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. ఖర్చు ఎంతవుతుందో, ఎవరెవరు ఇస్తామన్నారో అన్నీ విని, కాసేపు ఊరుకుని అంది:

"అది సరే పాపా, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది?"