ఆటో లైకు స్క్రిప్టు గారికి

మహారాజశ్రీ ఆటో లైకు స్క్రిప్టు గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అకౌంటు కూడా పోయిన వారమే డిశ్చార్జ్ అయింది.

మా బంధువుల్లో లైకంటే పెళ్లి చదివింపుల్లాంటిది. ఎవరు ఎంత పెట్టారో రాసుకుంటారు, రావలసింది లెక్క చూసుకుంటారు. పెదనాన్న రోజూ తెల్లారి అయిదింటికి గులాబీ పువ్వు మీద 'శుభోదయం' పెడతారు. పదింటిదాకా నా పేరు కనబడకపోతే ఒంట్లో బాగాలేదా అని ఫోన్. ఆ బాధ పడలేకే ఒకరోజు బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, కోడ్ నడిపించే కన్సోల్ అనే పెట్టెలో మిమ్మల్ని అతికించాను. మొత్తం ఏడు లైన్లు. లైకు బటన్లన్నీ వెతకడం, మూడు సెకన్లకొకటి నొక్కడం, పేజీ కిందికి జరపడం. రోజూ అతికించే ఓపిక లేక తర్వాత, మీలాంటి స్క్రిప్టుల్ని పేజీ తెరవగానే తనే నడిపించే టాంపర్‌మంకీ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌లో కాపురం పెట్టించాను. 2005లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి అలాంటిదే గ్రీజ్‌మంకీ వచ్చిన దగ్గర్నుంచీ మీ వంశంలో మంకీలకి కొదవ లేదు. అసలే కోతి, ఆపై నేను రాసిన కోడ్ తాగింది.

మొదటి రోజు నేను టీ తాగి కప్పు కడిగేలోపు ఊరందరి బాకీ తీర్చేశారు. అత్తయ్య ఆవకాయ జాడీకి, బావమరిది కొత్త బండికి, ఎవరిదో పెద్దకర్మ కార్డుకి కూడా అదే బొటనవేలు.

రెండో రోజు అదే పేజీ తెరిచాను. ఒకసారి నొక్కిన లైకుని మళ్లీ నొక్కితే పోతుందని మీకెవరూ చెప్పలేదు. అంటే, నేనే చెప్పలేదు. 'ఇప్పటికే నొక్కి ఉంటే వదిలెయ్' అనే ఒక్క ఇఫ్ కండిషన్ మర్చిపోయాను లెండి. నిన్న పెట్టినవన్నీ వరసపెట్టి పీకేశారు! చదివింపు కవరు వెనక్కి పట్టుకుపోయినవాణ్ణి ఎవరైనా క్షమిస్తారా? పెదనాన్న ఫోన్ చేయలేదు, దాంతో ఇంకా టెన్షన్. పిన్ని మాత్రం చేసింది. "ఏరా, మా మనవరాలి అన్నప్రాశన నీకు నచ్చలేదా?"

మనిషిలా కనిపించాలని మీకు అటూ ఇటూ టైము మార్చి వేషం కూడా కట్టించాను. ఏం లాభం? మీ చేత పుట్టిన ప్రతి క్లిక్కు మీదా బ్రౌజరే 'ఇజ్‌ట్రస్టెడ్: ఫాల్స్', అంటే మనిషి నొక్కింది కాదు, అని ముద్ర కొట్టి మరీ పంపుతుందట. మూడో రోజు సైటు తలుపేసి, రోబో కాదని నిరూపించుకోమంది. ట్రాఫిక్ లైట్లున్న గళ్లు నొక్కాలి. స్తంభం కూడా లైటు కిందికే వస్తుందా అని నేను తల పట్టుకుంటే, అన్నేసి నొక్కినవారు, అప్పుడు ఒక్క గడీ నొక్కలేదు.

ఇప్పుడు అయిదింటికి నేనే లేచి గులాబీకి లైకు కొడుతున్నాను. ఈ మధ్య నేనేం పెట్టినా పెదనాన్న లైకు సరిగ్గా మూడు సెకన్లలో వచ్చిపడుతోంది. నిన్న రాత్రి రెండింటికి పెట్టినదానికి కూడా. తమరు గానీ అక్కడ చేరలేదు కదా?

ఇట్లు,
తమ పాత యజమాని